సింకు ముందు పీట

"చూసి రావడమే గదా, దాంట్లో ఏముంది పని?" అన్నాడు ఇస్సాక్, భార్య ఆరిఫా ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ.

ఈ మాట అతను ప్రతిసారీ అంటాడు. సౌదీలోని హుఫూఫ్‌లో ఇల్లు కొనబోయేవాళ్లకు ఆ ఇంట్లో కరెంటు సంగతి ఎలా ఉందో చూసి రిపోర్టు రాసివ్వడం అతని ఉద్యోగం. దేన్నీ విప్పకూడదు, దేన్నీ ముట్టకూడదు, కంటికి కనిపించింది మాత్రమే రాయాలి. అయితే అమ్మేవాళ్లు ఇంకా ఆ ఇంట్లోనే ఉంటారు కదా, ఆడవాళ్లు తిరిగే గదుల్లోకి పరాయి మగవాడు వెళ్లడానికి లేదు. ఆ గదులు చూడటానికి కంపెనీలో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. సౌదీవాళ్లకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో చూసే నితాకత్ లెక్కలో కంపెనీ పసుపు రంగులోకి జారింది, దానికి తోడు పరాయి దేశపు మనుషుల మీద తలకింత అని లెవీ వచ్చింది, ఆ అమ్మాయికి ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేశారు. గదులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇస్సాక్ సారు బాగా ఆలోచించి, ఇంట్లో ఊరికే ఉన్న మనిషిని కనిపెట్టాడు.

ఊరికే అంటే వంట, బట్టలు, పిల్లల బడి, అతని టిఫిన్ డబ్బా, అతని మేనేజరు భోజనానికి వస్తే బిర్యానీ. అంత ఊరికే.

"డిపెండెంట్ ఇకామా మీద పని చేయగూడదంట గదా?" అని, భర్త పేరు మీద వచ్చిన తన నివాస కార్డు గుర్తొచ్చి, మొదటిరోజే అడిగింది ఆరిఫా. "నువ్వు పని చేయడంల్యా. నాతోపాటు వస్తాండావు, అంతే" అన్నాడు. జీతం మాట ఇద్దరూ ఎత్తలేదు. భార్యాపిల్లల మీద కూడా అతను నెలనెలా లెవీ కట్టాలి. ప్రొద్దుటూరు నుంచి అత్త ఫోన్ చేసినప్పుడల్లా, "నీ లెవీ కట్టలేక నా కొడుకు చిక్కిపోతాండాడంట గదమ్మా" అంటుంది. కొడుకు బొజ్జ ఫోన్లో కనిపించదు కాబట్టి సరిపోయింది. తను ఒక మనిషా, నెలనెలా వచ్చే బిల్లా అని ఆరిఫాకు అప్పుడప్పుడూ అనుమానం వచ్చేది. వచ్చినప్పుడు ఏడుపూ వచ్చేది.

అయినా నిజం చెప్పుకోవాలి, ఇళ్లు చూడటం ఆమెకు భలే ఇష్టంగా ఉంది. ఇన్నేళ్లూ ఈ ఊళ్లో ఆమె చూసినవి తన ఫ్లాటు గోడలూ, ఎదురింటి గోడలూ. ఇప్పుడు తలుపులు వాటంతటవే తెరుచుకుంటున్నాయి. కాలిన సాకెట్లు, తివాచీ కింద దాచిన వైర్లు, టేపు చుట్టిన అతుకులు ఎలా గుర్తుపట్టాలో ఇస్సాకే నేర్పాడు. అతను నేర్పనివి ఆమె సొంతంగా పట్టుకుంది. ఇస్త్రీ సాకెట్టు చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తే, ఆ గదిలో రోజూ ఎన్ని చొక్కాలు ఇస్త్రీ అవుతాయో, ఎవరి చేత అవుతాయో అని అక్కడే నిలబడిపోయేది. మంచం పక్కన ఫోన్ చార్జరు ఒకవైపే ఉంటే, రెండోవైపు పడుకునే మనిషి ఎవరితో మాట్లాడుతుందో అనుకునేది. ఇవేవీ రిపోర్టులోకి ఎక్కవు. ఆమెకు మాత్రం అన్నీ కావాలి.

ఆ రోజు వెళ్లిన ఇల్లు ఖర్జూరం తోటల పక్కన ఉంది. ఇస్సాక్ మగవాళ్లు కూర్చునే మజ్లిస్‌లో ఇంటాయనతో, బేరం కుదిర్చే దల్లాల్‌తో కూర్చుని గహ్వా కాఫీ తాగుతున్నాడు. ఇల్లు కొనబోయేవాళ్ల ఇంటావిడ ఉమ్ ఫహద్ కూడా వచ్చింది. కర్టెన్లకు కొలతలు తీసుకుంటూ లోపల హుషారుగా తిరుగుతోంది. ఆరిఫా వంటగది వెనకున్న బట్టలుతికే గదిలోకి వెళ్లింది. సింకు, దానిపైన గోడకు గీజరు, కింద రబ్బరు చెప్పుల జత. సింకు ముందు ఒక చెక్కపీట. గదంతా తడిగా ఉంటే పీట ఒక్కటే పొడిగా, శుభ్రంగా తుడిచి ఉంది.

దీన్ని ఎవరు తుడుస్తున్నారు? ఎందుకు?

ఆ ఇంట్లో పనిచేసే మేరాజ్ బేగం గుమ్మంలో నిలబడి ఉంది. రాయచోటి మనిషి. పలకరిస్తే ప్రాణం లేచొచ్చినట్టు తెలుగు మాట్లాడింది.

"కొళాయి పట్టుకుంటే జుమ్మంటాదక్కా. పీటెక్కి నిలబడితే ఏం కాదు. చెప్పులుగూడా ఏసుకుంటా. ముందుండే ఆమె నాకు చెప్పింది, నేను పోతే నా తర్వాత వచ్చే ఆమెకు చెప్పిపోతా."

ఆరిఫా మెడ వంచి గీజరు కిందికి చూసింది. పచ్చా పసుపూ చారల ఎర్త్ వైరు కత్తిరించి, మడిచి, టేపు చుట్టి ఉంది. బ్రేకరు ఊరికే పడిపోతోందని ఎవరో ఆ వైరు తీసేశారట, దాంతో గీజరు కరెంటు కొళాయిలోకి దిగుతోంది. ఇంట్లోవాళ్లెవరూ ఆ గదిలోకి అడుగుపెట్టరు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

గబగబా మజ్లిస్ గుమ్మం దాకా వెళ్లి భర్తను పిలిచింది. అతను పరదా దగ్గరికి వచ్చి విన్నాడు.

"యాడా అనాకు ఈ మాట" అన్నాడు గొంతు తగ్గించి. "బేరం చెడితే దల్లాల్ మళ్లా మనల్ని పిలవడు. ఆడవాళ్లవైపు అంతా బాగుందని చెప్పేసినా."

"మీరు చూడకుండానే చెప్పినారా?"

"ఈ పని పోతే ముందు నీకే ఎగ్జిట్ కొట్టాల్సి వస్తాది, తెల్సా? నీకూ పిల్లోళ్లకూ. నోరు మూసుకొని వచ్చేయ్."

బెదిరింపు కాదది, అతను చేస్తాడు. పోయిన ఏడాది పక్క ఫ్లాటు ఊర్మిలను అలాగే పంపించేశారు. ఆరిఫా బుర్ఖా, బ్యాగు తెచ్చుకుందామని వెనక్కి వచ్చేసరికి ఉమ్ ఫహద్ బట్టలుతికే గదిలో ఉంది. మెత్తటి ఖరీదైన చెప్పులు తడుస్తాయని గుమ్మంలో వదిలేసింది. పాత పీట నచ్చలేదేమో, కాలితో పక్కకు తోసింది. నీళ్లు ఎలా వస్తాయో చూద్దామని, వట్టికాళ్లతో తడినేల మీద నిలబడి కొళాయి వైపు చెయ్యి చాచింది.

ఆరిఫా ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

ఉమ్ ఫహద్ విస్తుపోయి చూసింది. "ఏమైంది? అంతా బాగుందని మీ ఆయన చెప్పాడట కదా."

ఆరిఫాకు భయం వేసింది. పిల్లలు, ఎయిర్‌పోర్టు, అత్త గొంతు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. వాటన్నిటినీ అక్కడే ఉండనిచ్చి, తనకొచ్చిన అరకొర అరబీలో ఒక్కో మాటే ఏరుకుంటూ చెప్పింది.

"ఆయన ఈ గదిలోకి రానేలేదమ్మా. చూసింది నేను."