బోణీ అయ్యేదాకా

నరసన్నపేట బజారులో వెంకటరావుగారి స్టీలు సామాన్ల షాపు అంటే తెలియనివాళ్లు తక్కువ. కింద షాపు, పైన ఇల్లు, వెనకాల గోడౌను. ఆ ఇంట్లో దేవుడికి దీపం పెట్టడం ఎవరైనా మర్చిపోతే సర్దుకునేవారు గానీ, బోణీ కాకముందు కంటతడి పెడితే మాత్రం ఊరుకునేవారు కాదు. మొదటి బేరం కుదిరేదాకా తుమ్మకూడదు, నిట్టూర్చకూడదు, మొహం మాడ్చుకోకూడదు. ఇక ఏడుపు సంగతి చెప్పేదేముంది? పొద్దున్నే ఆడది ఏడిస్తే ఆ రోజంతా గల్లాపెట్టె ఏడుస్తుందని వాళ్ల తాతల నాటి మాట.

అలాంటి ఇంట్లో కోడలు హర్షితకి సరిగ్గా తెల్లవారుతూనే ఏడుపు వచ్చేది. మధ్యాహ్నానికి కాస్త తేరుకునేది. దీపాల వేళకి నాలుగు మాటలు కూడా మాట్లాడేది. మళ్లీ తెల్లారితే మామూలే. గుండె మీద ఎవరో బస్తా పెట్టినట్టు లేవలేకపోయేది.

పోనీ పరాయి పిల్లా అంటే అదీ కాదు. అత్తగారు సూర్యకాంతానికి సొంత తమ్ముడి కూతురు. గరివిడి నుంచి ఏరికోరి కొడుకు ఉపేంద్రకి చేసుకొచ్చింది. హర్షితకి ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే సూర్యకాంతం ఇంట్లో అందరికీ చెప్పేసింది: "ఆ మాట ఈ గుమ్మంలో ఎవలూ ఎత్తకండి. ఎత్తకపోతే అదే మర్సిపోతాది." ఎవరూ ఎత్తలేదు. హర్షిత మర్చిపోలేదు.

ఉపేంద్ర చెడ్డవాడని ఎవరూ అనరు. మెత్తనివాడు. పెళ్లాం తిండి మానేసి గోడకేసి తిరిగి పడుకుంటుంటే చూడలేక, తోటి వ్యాపారులెవరికీ తెలియకుండా శ్రీకాకుళం తీసుకెళ్లి డాక్టరమ్మకి చూపించాడు. ఆవిడ నిదానంగా అంతా విని, మందులు రాసి, అతని వైపు తిరిగింది.

"ఇది డిప్రెషన్ బాబూ. ఒళ్లు బద్ధకం కాదు, పొగరు కాదు. జ్వరం ఎలా వస్తుందో ఇదీ అలాగే. కొందరికి పొద్దున్న పూట మరీ ఎక్కువగా ఉంటుంది. మందు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా పొద్దున్నే మీరు తన పక్కన కాసేపు కూర్చోవాలి."

"కూకుని ఏటి సెప్పాలండి?"

"ఏమీ చెప్పొద్దు. ఏడవనివ్వండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి మాత్రం భయపడకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడక్కపోతేనే మనిషి ఒంటరైపోతుంది."

తిరుగు బస్సులో హర్షిత అతని భుజం మీద తల వాల్చింది. "రేపు కూకుంటావా బావా?"

"కూకుంటానే. నాకింకేటి పని?"

కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు, రెండు పొద్దులు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడుపయ్యాక ఇడ్లీ కూడా తిన్నది. మర్నాడు కింద నుంచి వెంకటరావుగారి గొంతు మెట్లెక్కి వచ్చింది.

"ఒరే ఉపేంద్రా! షట్టరు మీ మావొచ్చి తీస్తాడేట్రా? పెళ్లాం కొంగట్టుకుని కూకుంటే బిందెలు వోటికవే అమ్ముడైపోతాయేటి?"

ఉపేంద్ర చెయ్యి విడిపించుకున్నాడు. "బోణీ అయిపోగానే వచ్చేస్తాను. సిటికెలో వచ్చేస్తాను."

షాపులో చిటికెలో అయ్యేదేముంది! బోణీ తర్వాత ఇంకో బేరం, దాని తర్వాత ఇంకోటి. పైగా బిందెల మీద పేర్లు కొట్టే మిషను పని ఆ షాపులో అతనిదే. పైకి వెళ్లేసరికి భోజనాల వేళయ్యేది. అప్పటికి ఆమె కళ్లు ఆరిపోయి ఉండేవి. "బాగానే ఉన్నావు కదేటి!" అనేవాడు సంతోషంగా. ఆమె గోడకేసి తిరిగేది.

సూర్యకాంతం ఊరుకునే మనిషా? పక్క షాపు ఆడవాళ్లు వస్తే కోడలికి వినపడేలాగే అనేది: "మా కోడలుపిల్లకి డిప్రెసనంట తల్లీ. మా కాలంలోనూ ఉండేదే. మాకు తీరిక లేక రాలేదు." వాళ్లు పడీపడీ నవ్వేవారు. వెంకటరావుగారు ఇంకో ఆకు ఎక్కువే చదివారు. "ఏడిసే మొగోణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మకూడదన్నారు గానీ, ఏడిసే ఆడదాన్ని ఏటి సెయ్యాలో ఎవుడూ సెప్పి సావలేదు" అని కౌంటరు దగ్గరే అనేవారు. ఉపేంద్ర కూడా నవ్వేవాడు. నాన్న నవ్వితే నవ్వడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ నెల బేరాలు తగ్గాయి. ఆన్‌లైన్లో గిన్నెలు కొనేవాళ్లు ఎక్కువయ్యారు, బైపాసు పక్కన కొత్త షాపు పడింది. కానీ ఆ ఇంట్లో కారణం వేరే వెతుక్కోలేదు. "పైనుంచి ఏడుపు ఇనపడతంటే లచ్చిందేవి లోపలికొస్తాదేటి?" అని సూర్యకాంతం కోడల్ని పొద్దున్న పూట వెనకాల గోడౌనులో కూర్చోమంది. అట్టపెట్టెలు, ప్యాకింగు గడ్డి, గాలాడని గది. "బోణీ అయ్యేదాకానే తల్లీ. తర్వాత నీ ఇష్టం, సాయంత్రందాకా ఏడూ."

హర్షిత మొగుడి వైపు చూసింది. ఉపేంద్ర పెట్టెలు జరిపి, తుడిచి, ఆమెకి కుర్చీ వేసిచ్చాడు. "సల్లగా ఉంటాదే ఇక్కడ. ఎవలూ నిన్ను ఏటీ అనరు." తను మంచిపనే చేశాననుకున్నాడు పిచ్చి నాయన.

ఒకరోజు ఆమె అక్కడ ఉండలేకపోయింది. ఊపిరాడక, చెంపల మీద నీళ్లు కారుతుండగానే షాపులోకి వచ్చేసింది. అప్పుడే కుక్కరు బేరమాడుతున్న మనిషి ఆమెని చూసి, "మళ్లీ వస్తాను" అని దిగిపోయాడు. బోణీ పోయింది. వెంకటరావుగారు కోడల్ని ఒక్క మాట అనలేదు. కొడుకుతో అన్నారు.

"గడియ ఎట్టీ."

"నాన్నా..."

"బోణీ దాకానే కదరా. మింగేస్తానేటి దాన్ని?"

ఉపేంద్ర ఆమెని భుజాలు పట్టుకుని నడిపించాడు. కుర్చీలో కూర్చోబెట్టాడు. నీళ్ల సీసా ఇచ్చాడు. "ఒక్క బేరమే. అవగానే తీసేస్తాను" అన్నాడు. ఆమె అతని చొక్కా పట్టుకుంది. "బావా, నాకు సచ్చిపోవాలనిపిస్తన్నాది. డాక్టరమ్మ అడగమంది కదా నిన్ను. నువ్వు అడగలేదు. అందుకే నేనే సెప్తన్నాను."

"పొద్దున్నే ఆ మాటలేటే, సుభమా అని!" అన్నాడు. చొక్కా విడిపించుకుని బయటికొచ్చి గడియ పెట్టాడు.

ఆ రోజు వాన. బజారులో కాకి కూడా లేదు. ఉపేంద్ర మిషను తుడిచాడు, మళ్లీ తుడిచాడు. గోడౌను వైపు నుంచి కాసేపు తలుపు చప్పుడైంది, తర్వాత అదీ లేదు. చప్పుడు లేకపోయేసరికి చేతిలో గుడ్డ పక్కన పడేశాడు. లేవబోయాడు. "కూకో" అన్నారు వెంకటరావుగారు పేపరు మీంచి తల ఎత్తకుండా. కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎవరో ఒక గరిటె కొన్నారు. గరిటె! అప్పుడు పరిగెత్తి గడియ తీశాడు.

హర్షిత కుర్చీలో అలాగే ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి. అతన్ని చూసి మెల్లగా అడిగింది.

"బోణీ అయినాదా బావా?"

ఆ రోజు నుంచి ఆమె ఆ ఇంట్లో ఏడవలేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి అందరికీ టీ ఇచ్చేది. "సూసావా, దెబ్బకి దెయ్యం దిగిపోనాది" అని సూర్యకాంతం మురిసిపోయింది. తమ్ముడికి ఫోను చేసి మరీ చెప్పింది. మందుల సీసా ఎత్తి పారేసింది. ఉపేంద్రకి కూడా గుండెల మీంచి బండ దిగినట్టయింది. పెళ్లాం తనతో మాట్లాడటం మానేసిందని గమనించడానికి అతనికి చాలా రోజులు పట్టింది. గమనించాక కూడా, గొడవ లేదు కదా అని సరిపెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం ఆమే మొదలెట్టింది.

"రేపు పొద్దున్న అరసవల్లి ఎల్తన్నాను. అప్ప దగ్గరికి."

హర్షిత అక్క అనూరాధ అరసవల్లిలో బట్టలు కుడుతుంది. ఈ పెళ్లి వద్దని అప్పట్లో అన్నందుకు ఆ ఇంటికి రాకపోకలు లేవు.

"ఎన్నాళ్లకి?"

"తెలీదు. అప్ప రోజూ ఫోన్లో మాటాడతన్నాది. మందులు మళ్లీ కొనిపెట్టింది. అక్కడే ఉండి డాక్టరమ్మ దగ్గరికి తిరుగుతాను. ఇక్కడుంటే ఏదో ఒక పొద్దున్న నేను ఉండను బావా."

ఉపేంద్ర మెట్ల వైపు చూశాడు. "అమ్మా నాన్నా ఏటంటారో..."

"నిన్ను రమ్మనలేదు. వాళ్లతో దెబ్బలాడమనలేదు. నేను ఆటో ఎక్కేదాకా నా పక్కన నిలబడు. అంతే. నిలబడితే తిరిగొస్తానో లేదో ఆలోసిస్తాను. నిలబడకపోతే ఆలోసించను."

"నిలబడతానే. ఒట్టు."

తెల్లారింది. షట్టరు తీసిన కాసేపటికే కూర్మయ్య అనే రైతు దిగాడు. కొత్త ఇంట్లోకి వెళ్తున్నాడట, పెద్ద బిందె ఏరుకున్నాడు. అది నచ్చితే మిగతా సామానంతా ఇక్కడే అన్నాడు. "మా ఇద్దరి పేర్లూ, ఊరి పేరూ కొట్టించండి. సూసుకుని మరీ అట్టుకెళ్తాను." వెంకటరావుగారి మొహం చాటంతయింది. ఉపేంద్ర బిందె ఒళ్లో పెట్టుకుని మిషను ఆన్ చేశాడు. మొదటి అక్షరం పడుతుండగానే బయట ఆటో వచ్చి ఆగింది.

హర్షిత సంచీతో మెట్లు దిగి షాపులోకి వచ్చింది. నుదుట బొట్టు, తడి లేని మొహం. బోణీకి అడ్డేమీ లేని మొహం.

"బావా" అంది.

ఉపేంద్ర తల ఎత్తాడు. మిషను ఆపాడు. ఆ క్షణంలో లేచేవాడే, ఆ మాట నిజం. వెంకటరావుగారు ఒంగి కొడుకు చెవిలో అన్నారు. "సగం పేరు కొట్టి వొదిలేస్తావేట్రా? గురుప్రవేసం బిందె. వోడికి ఏదైనా అయితే ఆ పాపం నీదే."

సగం పేరు అరిష్టమని ఆ షాపులో పుట్టి పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? ఉపేంద్ర పెళ్లాం వైపు చూసి వేలెత్తాడు. ఒక్క నిమిషం అన్నట్టు. మిషను మళ్లీ గుర్రుమంది.

ఆమె నిలబడింది. కూర్మయ్య పేరు అయింది. భార్య పేరు మొదలైంది. ఆటో తోలే జోగయ్య హారన్ కొట్టాడు. ఆమె ఇంకా నిలబడింది. భార్య పేరు అయింది. ఊరి పేరు మిగిలింది. ఉపేంద్ర తల ఎత్తకుండా త్వర త్వరగా కొడుతున్నాడు, గీత వంకర పోకుండా ఊపిరి బిగబట్టి. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మం దిగింది.

చివరి అక్షరం పడింది. మిషను ఆగింది. గుమ్మం ఎదురుగానే ఆటోలో ఆమె కూర్చుని ఉంది, జోగయ్య సంచీ సర్దుతున్నాడు. పది అడుగుల దూరం లేదు.

కూర్మయ్య అటు చూసి అడిగాడు. "ఆ పాప ఎవులు బాబూ? నీ కోసమే నిలబడిపోనాది ఇందాకట్నించి. మీ ఇంటి పిల్లేటి?"

బోణీ డబ్బు ఇంకా చేతికి రాలేదు. కోడలు పొద్దున్నే ఇల్లు విడిచి పోతోందంటే ఆ మనిషి బిందె ముట్టుకుంటాడా? వెంకటరావుగారు కొడుకు వైపు చూశారు. ఆటోలోంచి హర్షిత కూడా చూసింది.

"ఎవులో తెలీదండి" అన్నాడు ఉపేంద్ర. బిందె కూర్మయ్య వైపు తిప్పాడు. "పేర్లు సరిగ్గా వచ్చాయేమో సూసుకోండి."

జోగయ్య ఆటో స్టార్ట్ చేశాడు.