సభ్యులకు మాత్రమే

ఊరి జనం తలా ఒక చెయ్యి వేసి ఇంటర్నెట్‌లో తమ ఊరి పటం గీస్తున్నారు. అందులో అందరికంటే మొండిమనిషి, మందుల షాపులో పనిచేసే ఒకావిడ. తోటివాళ్ళు ఆమెకు కొలబద్ద అని పేరు పెట్టారు. ఆదివారం వస్తే చాలు, ఫోను పట్టుకుని వీధులు తిరిగి, ఏ భవనం ఏమిటో కళ్ళారా చూసి రాసేది. చూడనిది రాయదు, విన్నది నమ్మదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. అంతా మేనమామ పోలికేనని వాళ్ళమ్మ సణిగేది.

ఆ మేనమామ వడ్రంగి. వంతెన పక్క వీధిలో మెరక మీద వడ్రంగుల క్లబ్బు ఉంది. ఒకప్పుడు అరవైమంది సభ్యులు కూలి మనిషిని పెట్టకుండా కట్టుకున్న హాలది. అందరూ పోగా ఇప్పుడు మిగిలింది ఆయనొక్కడే. అయినా రోజూ పదింటికల్లా తాళం తీస్తాడు, బల్లలు తుడుస్తాడు, హాజరు పుస్తకంలో సంతకం పెట్టి కూర్చుంటాడు. ఎవరికోసం అని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

పటంలో ఇలాంటివాటికి రెండు గడులున్నాయి. ఎవరైనా వెళ్ళగలిగేదైతే సామాజిక భవనం, సభ్యులను మాత్రమే రానిచ్చేదైతే క్లబ్బు. బోర్డు మీద ఏముందన్నది కాదు, తలుపు ఎవరికి తీస్తారన్నదే ముఖ్యం. కొలబద్ద దాన్ని క్లబ్బు అని రాసింది. ఎవరో పుణ్యాత్ముడు సామాజిక భవనంగా మారిస్తే, పూట తిరగకుండా మళ్ళీ క్లబ్బు చేసింది.

ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. వరదొస్తే జనాన్ని ఎక్కడ ఉంచాలో మున్సిపాలిటీవాళ్ళు ఆ పటం చూసే జాబితా రాస్తున్నారు. సామాజిక భవనాలకైతే పైకప్పు బాగుచేసి, మంచినీళ్ళ ట్యాంకు పెడతారు. సోమవారంతో గడువు సరి. పల్లపు సందులో ముప్పై ఇళ్ళున్నాయి. ఈ హాలు జాబితాకెక్కకపోతే వాళ్ళంతా మైలు దూరం నీళ్ళలో నడవాలి.

"ఒక్క మాట మార్చమ్మా, నీ సొమ్మేం పోయింది?" అని బతిమాలింది ఆ సందులోని ఇస్త్రీ దుకాణం ఆవిడ. ఆమె అత్తగారు మంచం దిగలేని మనిషి. కొలబద్ద కాదనలేకపోయింది, అబద్ధమూ రాయలేకపోయింది. ఆదివారం మధ్యాహ్నం తిన్నగా క్లబ్బుకెళ్ళింది.

"అందరినీ రానిస్తానని ఒక్క మాట అను మావయ్యా, రాసుకుంటాను."

"నా ఒక్కడి మాట చెల్లదే. నియమం మార్చాలంటే సమావేశం పెట్టాలి. సమావేశమంటే ముగ్గురు సభ్యులుండాలి."

"ఇంకో ఇద్దర్ని చేర్చుకో మరి."

"చేర్చుకోవాలన్నా సమావేశం పెట్టాలి."

నవ్వాలో, తల గోడకేసి కొట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. "ఎవరడుగుతారు నిన్ను? ఉన్నదే నువ్వొక్కడివి!"

"అందుకేనే. నేను కూడా నియమం తప్పితే ఇంక క్లబ్బేముంది? మేమసలు లేనట్టే కదా?"

ఆయన హాజరు పుస్తకాన్ని దగ్గరికి లాక్కున్నాడు. పెద్దాయన పట్టుదల అనుకున్నది భయమని ఆమెకప్పుడు అర్థమైంది. దారిపొడవునా ఆయన్ని మనసులో తిట్టుకుంటూ వచ్చినందుకు సిగ్గుపడింది.

ఈలోగా ఉదయం పట్టిన వాన కుండపోత అయింది. అరగంటలో పల్లపు సందులో నీళ్ళు మోకాళ్ళు దాటాయి. ఇస్త్రీ ఆవిడ అత్తగారిని వీపున మోసుకుంటూ వచ్చి క్లబ్బు మెట్ల మీద ఆగింది. ఆమె వెనక సందు సందంతా వచ్చింది. సభ్యులకు మాత్రమే అన్న బోర్డు చూసి ఒక్కరూ గడప దాటలేదు, తడుస్తూ నిలబడ్డారు.

మావయ్య వాళ్ళ వంక చూశాడు. బీరువాలోంచి నియమాల పుస్తకం లాగి గబగబా పేజీలు తిప్పాడు.

"ఏడో నియమం!" అని అరిచాడు. "సభ్యుడు తన అతిథులను తీసుకురావచ్చు. ఎంతమందినన్నది రాయలేదు!"

తలుపులు రెండూ బార్లా తీశాడు. "రండి రండి, అందరూ నా చుట్టాలే! ముసలమ్మను ఆ పెద్ద బల్ల మీద పడుకోబెట్టండి. ఒరేయ్, బెంచీల మీద గెంతకండిరా!"

హాలు నిండిపోయింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కరి పేరూ అడిగి అతిథుల పుస్తకంలో రాయసాగాడు. కొలబద్ద తడి చేతులు తుడుచుకుని ఫోను తీసింది.

"ప్రవేశం ఎవరికని రాయను మావయ్యా?"

"సభ్యులకే."

"మరి వీళ్ళంతా?"

"నా అతిథులు."

"మళ్ళీ వరదొస్తే?"

"అప్పుడూ నా అతిథులే."

"నువ్వు లేకపోతే?"

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన కలం ఆగిపోయింది. తల ఎత్తి, కిటికీలకు ఆరేసిన బట్టల్నీ, బల్ల మీద వెచ్చగా ముడుచుకుని నిద్రపోతున్న ముసలమ్మనూ చూశాడు.

"అందరికీ అని రాసెయ్," అన్నాడు చివరికి, ఎవరికీ వినపడకుండా. "నేనున్నన్నాళ్ళూ ఆ సంగతి నాకు మాత్రం చెప్పకు."