రెండోసారి

నేనూ మా బావమరిదీ ఒకే కంపెనీలో లిఫ్టులు బిగిస్తాం. వాణ్ణి పనిలో అందరూ "రెండోసారి" అంటారు. ఏ లిఫ్టు బిగించినా చివర్లో ప్రార్థన చేస్తాడు. ప్రార్థనకి ముందు, చేసిన పనంతా మళ్లీ విప్పి చూస్తాడు. సరిచూడని పనిని దేవుడి ముందు పెడితే అబద్ధమాడినట్టేనట. "దేవుడేమైనా లిఫ్టెక్కుతాడురా?" అని నేను ఏడిపించేవాణ్ణి. నాకు దేవుడూ లేడు, దయ్యమూ లేదు.

ఆ రోజు ఆసుపత్రిలో కొత్త లిఫ్టు మొదలుపెట్టాలి. పదకొండింటికి ఒక ముసలావిణ్ణి ఆపరేషన్‌కి పైకి తీసుకెళ్తారు. పదిన్నరకి మావాడు మోటారు గదిలో బ్రేకు మూత విప్పుతున్నాడు. మా మేనేజరు కోపంతో ఊగిపోతూ వచ్చాడు.

"నిన్ననే అన్నీ పరీక్షించాంగా! తనిఖీ కాగితం మీద సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు."

"చూసి పెడతాను సార్."

"గీకి పారెయ్‌రా. నీ ఉద్యోగం పోతే మీ అక్క నన్ను బతకనివ్వదు" అని గొణిగాను.

"చూడకుండా ఎలా పెట్టను బావా?" అన్నాడు.

మూత ఊడింది. బ్రేకు పట్టీ నిండా నూనె! పొద్దున మోటారు కిర్రుమంటుంటే నూనె డబ్బా ఎత్తి ధారాళంగా పోసింది నేనే. అదే బ్రేకు మూత కిందికి కారింది. నూనె తగిలితే బ్రేకు పట్టదు. జనంతో లిఫ్టు జారిపోయేది.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు మేనేజరు.

పొద్దున నా చేతిలో ఆ డబ్బాని మావాడు చూశాడు. అయినా నా పేరు బయటపెట్టలేదు.

"అయితే నువ్వేనన్నమాట. ఇక ఇంటికి పో!" అని మేనేజరు వాడి మీద అరిచాడు.

వాడు తలొంచుకుని పట్టీ విప్పుతున్నాడు. నేను నోరు మూసుకుంటే నా ఉద్యోగం భద్రం. కానీ చచ్చేంత సిగ్గేసింది.

"నేనే సార్" అన్నాను. "వాడికేం సంబంధం లేదు."

మేనేజరు నన్ను ఎగాదిగా చూశాడు. "ముందు బాగుచెయ్యండి. నీ సంగతి సాయంత్రం చూస్తా."

పట్టీ మార్చాం. లిఫ్టు నిండా ఇసుక మూటలు వేసి ఐదో అంతస్తు నుంచి కిందికి వదిలి బ్రేకు వేశాం. టక్కున ఆగింది. మళ్లీ వదిలాం, మళ్లీ ఆగింది. అప్పుడు మావాడు కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన అయ్యేదాకా ఆగి మేనేజరు కాగితం అందించాడు, వాడు సంతకం పెట్టాడు.

గంట ఆలస్యంగా, పన్నెండింటికి ముసలావిడ మంచంతో సహా లిఫ్టెక్కింది. పక్కన మేమిద్దరం. ఐదో అంతస్తులో తలుపు తెరుచుకోగానే నర్సులు చప్పట్లు కొట్టారు. సాయంత్రం నా ఉద్యోగం ఊడొచ్చు, ఊడనీ. బావమరిది భుజం మీద చెయ్యేసి, జన్మలో ఎన్నడూ లేనంతగా తలెత్తుకుని బయటికి నడిచాను.