చిన్‌మెయ్ భోజనం

పంది పొట్టమాంసం ఎలా వండాలో చెప్పకుండానే చిన్‌మెయ్ చచ్చిపోయింది. అది మోసం. పెంగ్ కుయ్‌షాన్ దృష్టిలో అందులో వాదించడానికేమీ లేదు. ఆసుపత్రి మంచం మీద ఉన్నన్నాళ్లూ భార్య మాట్లాడుతూనే ఉంది. కోళ్ల గురించి చెప్పింది, గ్యాస్ బండ గురించి చెప్పింది, పక్కింటి కోడలి గురించి కూడా చెప్పింది. మాంసం మాట మాత్రం ఎత్తలేదు.

ఏడాదిపాటు అతను ఆ మాంసంతో కుస్తీ పట్టాడు. ఒకసారి చెప్పు అట్టలా సాగింది. ఇంకోసారి కొవ్వు ముద్దయి నోట్లో జారింది. ముక్కను ముందు ఉడికించి, తోలంతా పొడిచి, నూనెలో వేయించి నీళ్లలో వేస్తేనే అది ముసలాడి మొహంలా ముడతలు పడుతుందని తెలిసేసరికి మీసం సగం కాలింది. సన్నటి సెగ మీద ఆవిరి పట్టిస్తే కొవ్వు దానంతటదే కరిగి ముక్కల మీద కప్పిన ఎండు ఆవాకులోకి ఇంకుతుంది. వండేవాడు చేయాల్సిందల్లా మూత తీయకుండా ఊరుకోవడం. ఎన్నడూ ఊరుకోని మనిషికి అదే కష్టమైంది.

మరదలు లాన్‌యింగ్‌ని అడిగితే ఒక్క పూటలో తేలిపోయేది. ఆమె ఇల్లు వీధి చివరే. అడగడం కన్నా మీసం కాల్చుకోవడమే నయమనుకున్నాడు.

చిన్‌మెయ్ సంవత్సరీకం రోజున గిన్నె బోర్లించి, నిగనిగలాడే మాంసాన్ని అన్నంతో పాటు ఆమె ఫొటో ముందు పెట్టాడు. లాన్‌యింగ్ ముల్లంగి ఊరగాయ తెచ్చి పక్కన పెట్టింది. మరదలు చూస్తుండగా చిన్‌మెయ్ ఆ మాంసం తినాలి. అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

తిన్నానని పోయినవాళ్లు చెప్పందే బతికున్నవాళ్లు ముట్టకూడదు. అగరొత్తి సగం కాలాక కుయ్‌షాన్ పోయినవాళ్ల జవాబు చెప్పే నెలవంక చెక్కలు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. నేల మీద వేసినప్పుడు ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అవునని, అంటే తిన్నట్టు.

"తిన్నావా?"

రెండూ బోర్లా పడ్డాయి.

"నములుతోందిలే బావా. పళ్లు లేని మనిషి కదా," అంది లాన్‌యింగ్.

మళ్లీ వేశాడు. రెండూ వెల్లకిలా పడ్డాయి.

"ఇప్పుడు నవ్వుతోంది."

"నోర్ముయ్యవే." బియ్యం సారా పోసి వేశాడు. లేదు. వెల్లుల్లి చల్లి వేశాడు. లేదు. "బతికున్నప్పుడూ ఇంతే. పిలిస్తే ఒక్కసారికి పలికిందా?"

"నువ్వు పిలిచే తీరు అది. పందిని తోలినట్టు అదిలిస్తావు. ఆకలి దంచేస్తోంది, ఇలా ఇవ్వు." ఆమె చెక్కలు లాక్కుంది. "అక్కా, నేను రుచి చూసి చెప్పనా?"

ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా.

కుయ్‌షాన్ మొహం మాడిపోయింది. లాన్‌యింగ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"అచ్చం అక్క వండినట్టే ఉంది."

"మరి తినదేం?"

ఆమె ఇంకో ముక్క తీసుకుంది. "దీన్ని అక్క ఎప్పుడు తిన్నదని? కొవ్వు వాసనకే వాంతి చేసుకునేది. ముక్కుకి గుడ్డ కట్టుకుని వండేది. నీకు పెట్టేసి, మా ఇంటికొచ్చి ముల్లంగి ఊరగాయతో గంజి తాగేది."

"వంటింట్లో తర్వాత తింటాననేది."

"అనేది. తింటుంటే చూశావా?"

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెబితే వండటం మానమంటావని. దానికి నువ్వంటే ఇష్టం బావా, మాంసమంటే కాదు. దాని ఖర్మ."

అతను మాంసం పళ్లెం తీసి ఆమె ఒళ్లో పెట్టాడు. ఫొటో ముందు అన్నమూ ఊరగాయా మిగిలాయి. చెక్కలు వేశాడు.

తిన్నది. మొదటిసారికే.

లాన్‌యింగ్ నోటినిండా మాంసంతో ఏదో అనబోయింది.

"మింగు," అన్నాడు కుయ్‌షాన్. "ఈ సంగతి ఇక నా నోట రాదు. నీ నోట వచ్చిందా, ఈ గడప తొక్కనివ్వను."

ఆమె మింగింది. వీధంతా చెప్పింది. ఎవరెన్ని విధాల అడిగినా అతను మాత్రం నోరు విప్పలేదు.