భూతం పెరుగుతోంది

దర్జీ పిన్ని కుట్టుమిషను ఆగుతుందేమోగాని, ఎండల గురించి ఆవిడ నోరు ఆగదు. భూమి వేడెక్కిపోతోందని కొలతలు తీస్తూ చెబుతుంది, గుండీలు కుడుతూ చెబుతుంది. వినేవాళ్లు "చేతులు కాస్త వదులుగా పెట్టండి" అనేసి పోతారు. పిన్నికి ఒళ్లు మండిపోతుంది.

ఇక మొగుడు సరేసరి. వీధి చివర టీ కొట్టుకు కూడా మోటారు సైకిలు తీసే మహానుభావుడు. "బోర్డు రాయించుకో. ఆదివారం సాయంత్రంలోగా ఒక్కడైనా వచ్చి అడిగితే నేను నడిచే వెళ్తా. లేకపోతే ఇంట్లో ఆ ఊసెత్తడం మానెయ్" అని పందెం వేశాడు. పిన్ని సరేనందిగాని, ఓడితే జన్మంతా నోరు కుట్టేసుకోవాలని దిగులు పట్టుకుంది.

"భూతాపం పెరుగుతోంది. అందరం బాధ్యులమే. వివరాలకు లోపల అడగండి" అని కాగితం మీద రాసి పెయింటరుకిచ్చింది. అతను శనివారం బోర్డు తగిలించి, చెవిలో రహస్యంగా అన్నాడు:

"మొదటి మాట తప్పు రాశావు పిన్నీ. నలుగురూ నవ్వుతారని నేనే సరిచేశా."

తలెత్తి చూస్తే, "భూతం పెరుగుతోంది."

పిన్నికి ఏడుపొక్కటే తక్కువ. ఆదివారం పొద్దున్నే దించేద్దామని స్టూలెక్కిందో లేదో, ఎదురింటి లాయరు వెనకనుంచి గొంతు తగ్గించి అడిగాడు:

"ఏమ్మా, ఎక్కడుందది?"

పిన్ని మెల్లగా స్టూలు దిగింది. "మన నెత్తిమీదేనండీ."

"ఏం తింటుంది?"

"పొగ. బొగ్గు పొగ, పెట్రోలు పొగ. ఎంత పెడితే అంతా తింటుంది."

"వదిలించడానికి ఎవర్ని పిలవాలి?"

"ఎవరూ రారు. మేత మనమే ఆపాలి."

ఈలోగా దుకాణం నిండిపోయింది. "మధ్యలో మేమేం చేశామమ్మా, బాధ్యులంటావు?" అని ఒకావిడ దబాయించింది. సరిగ్గా అప్పుడే మొగుడు టీ తాగొచ్చి, ఇంజను ఆపకుండానే గుమ్మంలోకి తొంగిచూశాడు.

పిన్ని కత్తెరతో చూపించింది. "అదిగో, మా ఆయన దానికి ఫలహారం పెడుతున్నాడు."

అందరూ గిరుక్కున తిరిగారు. అతను తెల్లమొహం వేసి ఇంజను ఆపేశాడు. లాయరుకు సంగతి అప్పుడు తలకెక్కింది. కాస్త గింజుకున్నాడుగాని కదల్లేదు.

"మరి మా ఏసీ సంగతేంటి?" అన్నాడు.

ఆ మాటకు పిన్ని కడుపు నిండిపోయింది.

మర్నాడు మొగుడు సణుక్కుంటూ టీ కొట్టుకు నడిచి వెళ్తుంటే, పెయింటరు కుంచె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"తప్పు నాదేనట పిన్నీ! ఇప్పుడే సరిచేస్తా."

"ఉండనీరా" అంది పిన్ని, సూదిలో దారం ఎక్కిస్తూ. "ముందు అది తగ్గనీ. మాట తర్వాత సరిచేద్దాం."