వెనక్కి నడవని బండి

కృపావరం బల్బు మూతిని ఉప్పుకాగితంతో రుద్ది, బ్యాటరీకి ఆనించి చూశాడు. వెలిగింది. రెండోదీ వెలిగింది. బల్బుల తప్పేమీ లేదు. మళ్లీ వాటిని గూళ్లలో బిగించి, అద్దం తుడిచి, అంబాసిడర్ వెనక గొంతుక్కూర్చున్నాడు. అరవై రెండేళ్ల మోకాళ్లు టపటపమన్నాయి. ఏడాదిగా కదలని కారుకు తన కొట్టులోంచి బ్యాటరీ తెచ్చి, పొద్దున్నుంచి ఒక్కో లైటే బాగుచేసుకుంటూ వచ్చాడు. ఈ రివర్స్ లైట్లు రెండే మొండికేశాయి.

నాలుగింటికి నెల్లూరు నుంచి మనిషి వస్తున్నాడు. పాత కార్లు సేకరించే ఆసామి. కంపెనీ బిగించిన లైటు ఒక్కటి వెలగకపోయినా తనకు ఆ కారు వద్దని ఫోన్లోనే చెప్పేశాడట. వెలిగితే కారు వెళ్లిపోతుంది. వెలిగించాల్సింది కృపావరం.

పలకల వ్యాపారి చంద్రశేఖరరావు గారు కొన్నప్పటి నుంచి, అంటే ముప్పై ఏళ్లుగా, దీని వైర్ల మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. అర్ధవీడు దగ్గరి పల్లెలో కూలి చేసుకునే తల్లిని ఒప్పించి, పదహారో ఏట మార్కాపురం వచ్చి, ఒక మెకానిక్ వెనక నిలబడి చూసి చూసి పని నేర్చుకున్నవాడు కృపావరం. వైరింగ్ బొమ్మలు చదవడం రాదు. వైరు రంగు చూసి అది ఎక్కణ్ణుంచి బయల్దేరిందో మాత్రం చెప్పగలడు. ఇప్పటి కార్లకు ఆ విద్య అక్కర్లేదు. షోరూం పిల్లలు ల్యాప్‌టాప్ తగిలించి, జబ్బేమిటో కారునే అడుగుతారు. వారంలో నాలుగు రోజులు ఆయన కొట్టు ముందు కూర్చుని వచ్చేపోయే బళ్లను చూస్తుంటాడు. నిజం చెప్పాలంటే, ఈ కారు పోతుందంటే ఆయనకు దిగులుగానే ఉంది.

తాళం తిప్పి, రివర్స్ గేరు వేసి, టెస్ట్ లైటు పట్టుకుని వెతికాడు. బల్బు గూటి దగ్గర కరెంటు లేదు. ఫ్యూజు దగ్గర ఉంది. అంటే మధ్యలో, గేర్‌బాక్సు మీది స్విచ్చి దగ్గరే ఆగిపోతోంది. రివర్స్ గేరు పడగానే లోపల బొడిపె నొక్కుకుని లైట్లు వెలిగించే స్విచ్చి అది.

ఆయనకు నవ్వొచ్చింది. అసలు దాన్నెవరు వాడారు గనక? చంద్రశేఖరరావు గారి ఇంట్లో బండి వెనక్కి నడవకూడదు. బండి వెనక్కి పోతే వ్యాపారమూ వెనక్కే పోతుందని ఆయన పట్టింపు. అందుకే షెడ్డుకు ముందొక గేటు, వెనక సందులోకి ఇంకొక గేటు పెట్టించాడు. కారు ఇటు దూరి అటు వెళ్లేది. ఊళ్లో తిరుగుముఖం పట్టాల్సి వచ్చినా, ఎంత చుట్టయినా సరే, ముందుకే పోవాలి. ఆయన పోయి మూడేళ్లయింది. పోయినేడు పంపకాల్లో వెనక సందు ఆయన తమ్ముడి వాటాకు వెళ్లి, ఆ గేటు ఉన్నచోట గోడ లేచింది. కారు ముక్కు గోడకు పెట్టుకుని నిలబడిపోయింది. వెనక్కి తియ్యడానికి ఆయన భార్య ఇందిరమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు కొడుకు ఫణికృష్ణ దాన్ని అమ్మేస్తున్నాడు.

కృపావరం గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరాడు. స్విచ్చి దగ్గర రెండు వైర్ల కొసలు కలిపాడు. వెనక నేల మీద తెల్లగా వెలుగు పడింది.

"వెలిగినాయా, కృపావరం?"

ఇందిరమ్మ గొంతు. డెబ్బై అయిదేళ్ల మనిషి, పొద్దున్నుంచి వరండాలో కుర్చీ వేయించుకుని ఇటే చూస్తూ ఉంది.

"వెలిగినాయమ్మా. స్విచ్చి బిగుసుకపోయింది, అంతే."

ఆమె కుర్చీలో ముందుకు వంగింది.

"ఫణి వస్తే, అవి రావని చెప్పు. నీ మాటయితే నమ్ముతాడు."

బాగయ్యే పనిని కాదని ఆయన ఎవరికీ చెప్పి ఎరగడు. కానీ ఆమె అడిగింది ఆయన మనసులో ఉన్నదే. వైర్లు విడదీశాడు. వెలుగు పోయింది.

మూడింటికి ఫణికృష్ణ దుకాణం నుంచి వచ్చాడు.

"ఏమయింది అన్నా?"

"కాలేదు బాబూ. గేర్‌బాక్సు దించాల. దాని సామాను కూడా దొరకదు." చేతులు తుడుచుకుంటూ, గుడ్డ వైపు చూస్తూ చెప్పాడు కృపావరం.

ఫణికృష్ణ కోప్పడలేదు. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"సరే, ఏం జేస్తాం. నెల్లూరాయనకు రావద్దని చెప్తా. గిద్దలూరు పాతినుం కొనే ఆయన రేపే వస్తానన్నాడు. ఆయనకు లైట్లతో పనిల్లేదు. ఈడనే కట్టర్‌తో ముక్కలు కోసి ఆటోలో ఏసుకుని పోతాడంట. వెనక్కి తీసే పని గూడా లేదు. అమ్మకు బాధుండదు."

తన అబద్ధం ఇంతదూరం పోతుందని కృపావరం అనుకోలేదు. ఇందిరమ్మ వైపు చూడటానికి భయపడ్డాడు.

ఆమే లేచింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, షెడ్డులోకి వచ్చింది.

"ఇంగోసారి చూడు నాయనా."

"చూస్తానమ్మా."

స్విచ్చి విప్పి కిరసనాయిల్లో నానబెట్టాడు. బొడిపె కదిలేదాకా వేలితో నొక్కుతూ కూర్చున్నాడు. బిగించి, కారెక్కి మళ్లీ రివర్స్ గేరు వేశాడు. లైట్లు రెండూ వెలిగాయి. ఫణికృష్ణ తల్లి మొహం, కృపావరం మొహం మార్చి మార్చి చూశాడు.

నెల్లూరు ఆసామి చెప్పిన వేళకే వచ్చాడు. అన్నీ వేయించి చూసుకుని, సరేనని డ్రైవరును ఎక్కించాడు. ఇంజను నాలుగుసార్లు దగ్గి అందుకుంది. గేటు ఇరుకు. వెనక ఎవరైనా నిలబడి దారి చెప్పాలి. కృపావరం కదిలేలోపే ఇందిరమ్మ నడిచివెళ్లి కారు వెనక నిలబడింది. లైట్ల తెల్లని వెలుగు ఆమె కుచ్చిళ్ల మీద పడింది.

"రానీ," అంది చెయ్యి ఊపుతూ. మళ్లీ అంది, ఈసారి గట్టిగా. "రానీ... రానీ... ఎడం పక్క చూసుకో... రానీ నాయనా."

కారు వెనక్కి వెనక్కి వచ్చి రోడ్డెక్కింది. మలుపు తీసుకుని పొదిలి వైపు వెళ్లిపోయింది. ఆమె చెయ్యి ఇంకాసేపు ఊగుతూనే ఉంది.

కృపావరం సామాన్లు సర్దుకోవడానికి షెడ్డులోకి తిరిగివచ్చాడు. ముందు టైరుకు అడ్డం పెట్టిన పలకరాయి ముక్క గోడ దగ్గర అలాగే ఉంది. ఏడాది దుమ్ములో, టైరు ఆనిన మేర మాత్రం నల్లగా.