ఏమీ కాదు, దిగొచ్చు

తిరుత్తణి కొండ వెనక మా హాస్టలు బడిలో నలభై ఇద్దరం పిల్లలం. నలభై ఒక్కరికి ఏదో ఒక శక్తి ఉంది. సుందరం ఎద్దులబండిని ఒంటిచేత్తో లేపుతాడు. దేవకి నీళ్ళలో మునిగితే అరగంట ఊపిరి తీసుకోదు. కస్తూరికి జరగబోయేది కనిపిస్తుందని రిజిస్టరులో రాసుకున్నారు. ఆ కస్తూరిని నేనే. అది శుద్ధ అబద్ధం.

ఊత్తుకోటలో, నా ఆరో ఏట, నాయనను లారీ ఎక్కనివ్వకుండా కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. నన్ను తిరునాళ్ళకు తీసుకుపోలేదన్న ఉక్రోషం, అంతే. ఆయన ఎక్కని ఆ లారీ దారిలో బోల్తా పడింది. బిడ్డకు ముందే తెలిసిందని అమ్మ ఊరంతా చాటింది. మూడు పూటలా తిండి పెట్టే బడి దొరికాక నేనెందుకు నోరు విప్పుతాను?

ఎవరు ఏ పనికి దిగినా శివప్రకాశం సార్ ముందు నన్ను అడిగేవారు. కళ్ళు మూసుకుని, మనసులో పది లెక్కపెట్టి, "ఏమీ కాదు సార్" అనేదాన్ని. మూడేళ్ళుగా నిజంగానే ఏమీ కాలేదు.

1979 ఎండాకాలంలో బావిలో మోటారు పైపు మూతికి బురద పట్టింది. మధ్యాహ్నం కరెంటు లేని వేళ చూసి దేవకిని దింపబోయారు.

"కస్తూరీ, ఏమన్నా కనిపిస్తా ఉందా?" అన్నారు సార్.

కళ్ళు మూశాను. ఆకలిగా ఉండి ఆరుతోనే ఆపేశాను. "ఏమీ కాదు సార్, దిగొచ్చు."

దేవకి నన్ను చూసి నవ్వి మునిగింది. ఆమె పొడుగు జడ కూడా నీళ్ళలోకి పోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున తోటకు నీళ్ళు పెట్టే వంతు నాది. మధ్యలో కరెంటు పోతే, మా ఊళ్ళో అందరూ చేసినట్టే, స్టార్టరు బటను లేవకుండా పుల్ల దోపి వచ్చాను. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. కరెంటు వచ్చేది రెండింటికి. సార్ చేతి గడియారంలో రెండుకు మూడు నిమిషాలే ఉన్నాయి. దేవకి ఈపాటికి పైపు మూతి జల్లెడ విప్పి, లోపల చెయ్యి పెట్టి ఉంటుంది. మోటారు తిరిగితే చెయ్యో జడో లాగేసుకుంటుంది. అరగంట ఊపిరి ఉంటుంది, ఆ తర్వాత?

"సార్, స్టార్టరు!" అని అరుస్తూ మోటారు రూముకు పరిగెత్తాను. తాళం వేసి ఉంది. "సుందరం, తలుపు!"

సుందరం భుజంతో ఒక్క తోపు తోశాడు. పుల్ల లాగి పారేశాను. నా చెయ్యి ఇంకా బటను దగ్గర ఉండగానే తలపైన బల్బు వెలిగింది.

దేవకి చేతినిండా బురదతో పైకి వచ్చింది. సార్ నా తల నిమిరి, "చూసినావు గదమ్మా! నీ కంటికే కనపడింది" అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నాకేం కనపళ్ళేదు సార్. ఎప్పుడూ కనపళ్ళేదు. ఆ పుల్ల పెట్టింది నేనే."

చప్పట్లు ఆగాయి. సార్ ముఖం మాడిపోయింది. దేవకి జడ పిండుకుంటూ అడిగింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఉత్త నీ మాట మింద దిగినానా?"

అవునన్నాను. ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె సుందరం చేత మెయిను దింపించి, మూడు ఫ్యూజులూ పీకించి తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"ఇంకా బురదుంది. నేను పైకొచ్చేదాకా ఇవి పట్టుకోనుండు. కండ్లు మాత్రం మూయద్దు."